చలికాలానికి ముందు ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

చలి ముదరకముందే ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకోవాలి. కిటికీ అంచుల వెంబడి, తలుపు కింద తడిచేయి పెట్టి చూస్తే గాలి ఎక్కడి నుంచి దూరుతోందో ఇట్టే తెలుస్తుంది. ఆ సందులను రబ్బరు పట్టీతోనో మందపాటి గుడ్డతోనో మూయాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది నిప్పు విషయం. బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులు బిగించి నిద్రపోవడం ప్రాణాంతకం, ఎందుకంటే దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం మొదలై మగత కమ్మేసరికి లేచి తలుపు తీసే శక్తి కూడా మిగలకపోవచ్చు. గ్యాస్ గీజరు, గ్యాస్ హీటరు ఉన్నవారు వాటి పొగగొట్టాన్ని నిపుణుల చేత పరీక్ష చేయించి, పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం అమర్చుకోవాలి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి. కరెంటు హీటరైతే తెరలకూ పరుపులకూ కనీసం 1 మీటరు దూరంలో ఉంచి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడకున్న సాకెట్‌కే కలిపి, పడుకునే ముందు ఆపేయాలి.

గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం వ్యాకోచించి గొట్టాలను పగలగొడుతుంది కనుక, అంత చలి పడే చోట బయటి గొట్టాలకు తొడుగులు వేసి, వాడనివాటిని ఖాళీ చేయాలి. ఇంటికి వచ్చే నీటిని ఆపే ప్రధాన వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించాలి.

ఏడాది నిండని పసిపిల్లల పక్కలో వదులు దుప్పట్లు, దిండ్లు ఉంచకూడదు. ఒంటికి సరిపోయే వెచ్చని దుస్తులు చాలు. ఫ్లూ టీకా పనిచేయడానికి సుమారు 2 వారాలు పడుతుంది కాబట్టి, ముఖ్యంగా వృద్ధులకు, వైద్యులను అడిగి ముందుగానే వేయించాలి.