తాల్ముద్ కథలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మబ్బు ఏ మూల నుంచి వచ్చింది?

తాల్ముద్ అంటే యూదు పండితుల చర్చలూ కథలూ ఉన్న పెద్ద గ్రంథం. కిందటి పాఠంలో తాల్ముద్‌లో ఒక కథ ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నేర్చుకున్నాం. మర్చిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. బబులోను (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) తాల్ముద్‌కి పేజీల లెక్క ఉండదు, ఆకుల లెక్క ఉంటుంది. ఒక్కో ఆకుకి ముందు వైపు, వెనక వైపు. దాదాపు ప్రతి భాగమూ 2వ ఆకుతోనే మొదలవుతుంది. 1520–1523 మధ్య వెనిస్‌లో డేనియల్ బాంబర్గ్ అచ్చు వేయించిన ప్రతిలోని ఆకుల లెక్కనే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. అందుకే "తానిత్ 23" (తానిత్ అనే భాగంలో 23వ ఆకు) అనగానే ఏ దేశంలో ఉన్నవాళ్లైనా అదే చోటు తెరుస్తారు. ఇంగ్లీషు చదవగలిగితే సెఫారియా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఇవాళ, చోటు దొరికాక ఏం చెయ్యాలో చూద్దాం. ఒక నోటుబుక్కు, పెన్ను, గంట తీరిక ఉంటే చాలు. మనం చదవబోయే కథలో పేరుమోసిన రబ్బీలు (యూదు మతగురువులు) ఎవరూ లేరు. ఒక దినకూలీ, అతని భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటికొచ్చిన ఇద్దరు పండితులు. వీళ్లందరిలో పేరున్నది ఆ కూలీకి మాత్రమే. పేరు లేనివాళ్లని కథలో చివరిదాకా విడిచిపెట్టకుండా ఎలా చూడాలో ఈ పాఠంలో సాధన చేద్దాం.

ముందు కథ వినండి

తానిత్ అంటే ఉపవాసం. వానలు పడనప్పుడు జనం ఎప్పుడెప్పుడు ఉపవాసం ఉండాలి, ఏమని ప్రార్థించాలి అన్నది ఈ భాగంలో ముఖ్య విషయం. కప్పతల్లి ఆడే ఊళ్లలో పెరిగినవాళ్లకి ఆ టెన్షన్ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. మన కథ 23వ ఆకు ముందు వైపు చివర్లో మొదలై వెనక వైపుకి వెళ్తుంది.

వాన కోసం నేల మీద గిరి గీసి, వాన పడేదాకా అందులోంచి కదలనన్న హోనీ కథ దీనికి కాస్త ముందే ఉంటుంది. ఆ హోనీ కొడుకు కొడుకే అబ్బా హిల్కియా. వాన అవసరమైనప్పుడల్లా పండితులు ఆయనకి కబురు పెట్టేవాళ్లు, ఆయన ప్రార్థిస్తే వాన పడేది. ఒకసారి అలాగే ఇద్దరు పండితుల్ని పంపారు. వాళ్లు ఇంటికి వెళ్తే ఆయన లేడు. పొలానికి వెళ్తే అక్కడ తవ్వుకుంటూ కనిపించాడు. పలకరించారు. ఆయన ముఖం కూడా తిప్పలేదు.

సాయంత్రం అయింది. కట్టెలు ఏరుకున్నాడు. కట్టెలూ పారా ఒక భుజం మీద, పైబట్ట రెండో భుజం మీద వేసుకున్నాడు. దారంతా చెప్పులు లేకుండా నడిచాడు, నీళ్లు అడ్డం వస్తే మాత్రం చెప్పులు తొడుక్కున్నాడు. ముళ్లు వచ్చిన చోట బట్టలు పైకెత్తి పట్టుకుని, ఒంటికి గీరుకుంటున్నా నడిచాడు. ఊరు దగ్గర పడేసరికి భార్య చక్కగా అలంకరించుకుని ఎదురొచ్చింది. ఇంటి దగ్గర ముందు ఆమె లోపలికి వెళ్లింది, తర్వాత ఆయన, ఆ తర్వాత పండితులు. కూర్చుని రొట్టె తిన్నాడు. మీరూ తినండి అని వాళ్లతో అనలేదు. పెద్ద పిల్లాడికి ఒక రొట్టె, చిన్నవాడికి రెండు ఇచ్చాడు.

అప్పుడు భార్యతో అన్నాడు: "వీళ్లు వాన కోసం వచ్చారని నాకు తెలుసు. పద, డాబా మీదికి వెళ్లి ప్రార్థిద్దాం. దేవుడు కరుణిస్తే వాన పడుతుంది, ఆ గొప్ప మన ఖాతాలో పడకుండా ఉంటుంది." ఇద్దరూ పైకి వెళ్లారు. ఆయన ఒక మూల, ఆమె ఇంకో మూల నిలబడ్డారు. ఆమె నిలబడ్డ మూల నుంచి ముందుగా మబ్బులు వచ్చాయి.

కిందికి దిగి, ఏమీ తెలియనట్టు "మీరెందుకు వచ్చారు?" అని పండితుల్ని అడిగాడు. వాన కోసమని చెప్పారు. "అబ్బా హిల్కియా అవసరం మీకు లేకుండా చేసిన దేవుడికి స్తోత్రం" అన్నాడు.

ఇక్కడ ఆపండి. ముందుకి వెళ్లకండి. కథలో మీకు వింతగా అనిపించిన పనులన్నీ నోటుబుక్కులో వరుసగా రాసుకోండి. ఒక్కోదాని పక్కన మీకు తోచిన కారణం రాయండి. తప్పైనా ఫరవాలేదు. ఈ మెట్టు దాటేసి జవాబులు చదివేస్తే కథ సగమే దక్కుతుంది.

ఇప్పుడు జవాబులు

పండితులు మొహమాటం లేకుండా అన్నారు: "వాన నీ వల్లే వచ్చిందని మాకు తెలుసు. కానీ నువ్వు చేసిన ఈ వింత పనులకి అర్థం చెప్పు." మొత్తం తొమ్మిది ప్రశ్నలు అడిగారు.

ఎందుకు పలకలేదు? "నేను దినకూలీని. పని మానకూడదనుకున్నాను." ఇంకొకరు డబ్బిచ్చి కొనుక్కున్న సమయం అది. కట్టెలు పైబట్ట వేసుకున్న భుజం మీద ఎందుకు పెట్టుకోలేదు? "అది ఎరువు తెచ్చుకున్నది. తొడుక్కోవడానికి అడిగి తెచ్చుకున్నాను, కట్టెలు మొయ్యడానికి కాదు." ఎరువు సొమ్ము బరువు చేటు అని మనం ఊరికే అనేసుకుంటాం. ఈయన ఆ బరువుని రెండో భుజం మీదికి మార్చుకుని నడిచాడు. ఈ ఒక్క జవాబు కోసమైనా ఈ కథ పదిసార్లు చదవచ్చని నాకు అనిపిస్తుంది.

చెప్పుల సంగతి: "దారిలో కిందేముందో కనబడుతుంది, నీళ్లలో కనబడదు." ముళ్ల సంగతి: "ఒంటికి గీరుకుంటే మానుతుంది, బట్ట చిరిగితే మానదు." భార్య అలంకరణ: "నా చూపు ఇంకొకరి మీదికి పోకుండా." ఆమె ముందు వెళ్లడం: "మీరెలాంటివాళ్లో నాకు తెలియదు కదా." భోజనానికి పిలవకపోవడం: "రొట్టెలు చాలవు. పిలిచి ఉత్తుత్తి కృతజ్ఞత తీసుకోవడం ఎందుకు?" పిల్లల రొట్టెలు: "పెద్దవాడు ఇంట్లోనే ఉంటాడు, చిన్నవాడు పొద్దంతా సమాజమందిరంలో చదువుకుంటాడు."

ఎనిమిదయ్యాయి. ఇప్పుడు తొమ్మిదోది: మబ్బులు ముందు ఆమె మూల నుంచి ఎందుకు వచ్చాయి?

"ఆమె ఇంట్లో ఉంటుంది. పేదవాడు వస్తే రొట్టె ఇస్తుంది, ఆ మేలు వెంటనే అందుతుంది. నేను డబ్బులిస్తాను, దాని మేలు అంత దగ్గరగా ఉండదు. లేదంటే, మా చుట్టుపక్కల కొందరు దుండగులు ఉండేవాళ్లు. వాళ్లు చావాలని నేను ప్రార్థించాను. వాళ్లు మారాలని ఆమె ప్రార్థించింది. వాళ్లు మారారు."

పేరు లేని మనిషిని పట్టుకోవడం

ఇప్పుడు నోటుబుక్కులో కొత్త పేజీ తీసి పైన "భార్య" అని రాయండి. కథ మొత్తంలో ఆమె కనిపించే చోట్లు మాత్రమే ఏరండి. అలంకరించుకుని ఎదురొచ్చింది. ముందుగా ఇంట్లోకి వెళ్లింది. డాబా మీద మూల నిలబడింది. అంతే. ఆమె నోటి నుంచి ఒక్క మాట కూడా కథలో లేదు. ఆమె ఏమని ప్రార్థించిందో కూడా భర్త చెబితేనే మనకి తెలుస్తుంది.

నేను మొదటిసారి చదివినప్పుడు ఎరువు బట్ట దగ్గరే ఆగిపోయాను. అబ్బా హిల్కియా నిజాయితీకి మురిసిపోయి పుస్తకం మూసేశాను. రెండోసారి చదివినప్పుడు పండితుల మాట గుచ్చుకుంది: "వాన నీ వల్లే వచ్చిందని మాకు తెలుసు." మబ్బు ఏ మూల నుంచి లేచిందో వాళ్లకి కూడా తెలుసు, లేకపోతే తొమ్మిదో ప్రశ్న అడగలేరు. అయినా ముందు ఆయనకే కట్టబెట్టారు. ఎనిమిది ప్రశ్నల పాటు ఆయన గొప్పతనాన్ని నిలబెట్టి, తొమ్మిదో జవాబులో ఆయన నోటితోనే ఆమెకి పెద్దపీట వేయించాడు ఈ కథ చెప్పినవాడు. ఆమె కథలో మెల్లగా దగ్గరికొస్తుంది. మొదట భర్త చూపు కోసం ఉన్న మనిషిలా కనిపిస్తుంది, చివరికి వాన తెచ్చిన మనిషిగా తేలుతుంది.

అందుకని ఇలాంటి ప్రశ్నల వరుస వచ్చినప్పుడు చివరి ప్రశ్న దగ్గర తొందరపడకండి. అక్కడే రెండు జవాబులు ఉన్నాయని కూడా గమనించండి. మిగతా ఎనిమిదింటికి ఒక్కో జవాబే ఇచ్చి, దీనికి మాత్రం "లేదంటే" అని ఇంకోటి కలిపారంటే, ఈ ప్రశ్న దగ్గర వాళ్లు కూడా ఎక్కువసేపు కూర్చున్నారన్న మాట.

ఒక మాట వెంటపడి వెళ్లడం

తొమ్మిదో ప్రశ్నకి ఇచ్చిన మొదటి జవాబులో అరామిక్ (తాల్ముద్‌లో ఎక్కువగా వాడిన భాష) మాట "మెకర్వా". దగ్గరగా ఉండటం అని అర్థం. ఆమె చేసే మేలు దగ్గరది. సరిగ్గా ఇదే మాట కెతుబోత్ 67వ ఆకు వెనక వైపు ఇంకో పేరు లేని భార్య నోట వస్తుంది. పదండి.

మార్ ఉక్వా బబులోనులో న్యాయస్థానానికి పెద్ద. ఆయన ఇంటి పక్కన ఒక పేదవాడు. రోజూ అతని తలుపు కింద నాలుగు జూజ్‌ల నాణేలు వేసి వెళ్లేవాడు మార్ ఉక్వా. పాతకాలపు తలుపులకి మడతబందులు ఉండవు. తలుపు కొస ఒక గుంటలో తిరుగుతుంది. ఆ గుంటలో వేసేవాడు. ఎవరు వేస్తున్నారో ఆ పేదవాడికి తెలియదు.

ఒకరోజు, ఇంత దయ చూపిస్తున్నదెవరో చూద్దామని అతను కాచుకుని కూర్చున్నాడు. ఆరోజే మార్ ఉక్వాకి విద్యాలయంలో ఆలస్యమైంది, భార్య కూడా ఆయనతో వచ్చింది. తలుపు కదలగానే అతను బయటికి వచ్చాడు. వీళ్లిద్దరూ పరుగు. దొరికిపోకూడదని, అప్పుడే నిప్పులు ఊడ్చేసిన ఒక పొయ్యిలోకి దూరారు. మనిషి పట్టేంత పెద్ద రొట్టెల పొయ్యి అది. నిప్పులు లేకపోయినా అడుగు కాలుతూనే ఉంది. మార్ ఉక్వా పాదాలు మాడుతున్నాయి. ఆమె అంది: "నీ పాదాలు ఎత్తి నా పాదాల మీద పెట్టు."

ఆమె పాదాలు కాలడం లేదు. అది చూసి ఆయన మనసు చిన్నబోయింది. దానికి ఆమె జవాబు: "నేను ఇంట్లో ఉంటాను, నా మేలు దగ్గరగా అందుతుంది."

ఈ రెండు కథల్నీ నోటుబుక్కులో పక్కపక్కన రాయండి. అక్కడా ఇక్కడా భర్త డబ్బిస్తాడు. భార్య ఇచ్చేది ఇంట్లో వండినది, ఆకలిగా ఉన్నవాడు అక్కడికక్కడే తినగలిగినది. డబ్బు పుచ్చుకున్నవాడు ఇంకా బజారుకి వెళ్లాలి, కొనుక్కోవాలి, వండుకోవాలి. ఇక తేడా చూడండి. మొదటి కథలో ఆ మాట భర్త చెప్పాడు, రెండో కథలో ఆమె స్వయంగా చెప్పింది. మొదటి ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు, రెండో ఆయన నొచ్చుకున్నాడు.

ఇంకో జాగ్రత్త. అబ్బా హిల్కియా ఇశ్రాయేలు దేశపువాడు, మార్ ఉక్వా ఆ తర్వాతి కాలంలో, 3వ శతాబ్దంలో, బబులోనులో ఉన్నవాడు. ఇంత దూరంలో ఉన్న రెండిళ్లలో ఒకే మాట పలికిందంటే, అది కథ చెప్పి కూర్చినవాళ్లు వాడిన ఇటుక అనుకోవాలి. జరిగింది జరిగినట్టు రాసిపెట్టిన రికార్డుగా ఈ కథల్ని చదవకండి. ఆ ఇటుకని ఎక్కడెక్కడ పేర్చారో చూస్తే, వాళ్లు దేని గురించి ఆలోచిస్తున్నారో తెలుస్తుంది.

పొయ్యిలోకి ఎందుకు దూరారు అన్న ప్రశ్నకి తాల్ముద్ అక్కడే జవాబిస్తుంది: పదిమందిలో సాటి మనిషి ముఖం చిన్నబుచ్చడం కంటే మండే కొలిమిలో పడటం మేలు. దీనికి ఆధారం బైబిలులోని తామారు కథ. బైబిలు చదివేవాళ్లకి ఆదికాండం 38వ అధ్యాయం గుర్తొస్తుంది. తనని కాల్చడానికి తీసుకెళ్తున్నా ఆమె తన కడుపుకి కారణమైన మామ యూదా పేరు బయటపెట్టలేదు, అతని ముద్ర, దారం, కర్ర పంపించి ఊరుకుంది.

దుండగుల జవాబుకీ ఇలాంటి జోడు ఉంది. బెరాఖోత్ 10వ ఆకు ముందు వైపు చూడండి. రబ్బీ మెయిర్ తనని పీడిస్తున్న దుండగులు చావాలని ప్రార్థిస్తుంటే, భార్య బెరూరియా ఆపింది. బైబిలులోని 104వ కీర్తన చివర్లో నశించాలని కోరింది పాపాలు, పాపులు కాదు అని ఆ మాటని విడమరిచి చెప్పింది. ఆమెకి పేరుంది, వాదన ఉంది, చదువు ఉంది. అబ్బా హిల్కియా భార్యకి అవేవీ కథ ఇవ్వలేదు. డాబా మీద ఒక మూల ఇచ్చింది.

ఈ వారం సాధన

తానిత్ 23వ ఆకు వెనక వైపే, అబ్బా హిల్కియా కథ అయిపోగానే హనాన్ హ-నెహ్బా వస్తాడు. దాక్కునే హనాన్ అని అర్థం. హోనీ కూతురి కొడుకు. వాన కావాల్సినప్పుడు పండితులు తాము వెళ్లకుండా బడిపిల్లల్ని ఆయన దగ్గరికి పంపేవాళ్లు. పిల్లలు ఆయన బట్ట అంచు పట్టుకుని "అబ్బా, అబ్బా, వాన ఇవ్వు" అనేవాళ్లు. అబ్బా అంటే నాన్న. అప్పుడు ఆయన దేవుడితో ఏమన్నాడో చదవండి. నాలుగైదు వాక్యాల కథే. ఇందులో పేరు లేనివాళ్లు ఎవరు, వాళ్ల నోట ఎన్ని మాటలు ఉన్నాయి, హనాన్ ప్రార్థన ఆ మాటల్లో దేన్ని పట్టుకుని నడిచింది? మూడు ప్రశ్నలకి జవాబులు రాసి ఉంచుకోండి.

వచ్చే పాఠానికి ఇంకో పని. మార్ ఉక్వా మనసు చిన్నబోయింది అన్నాం కదా. అరామిక్‌లో ఆ మాట "హలష్ దఅతే". మనసు బలహీనపడింది అని. తానిత్ 21వ ఆకు వెనక వైపు అబాయే అనే పెద్ద పండితుడికి కూడా ఇలాగే మనసు చిన్నబోతుంది, అది కూడా నెత్తురు తీసి వైద్యం చేసే ఒక మామూలు మనిషిని తలుచుకుని. ఆ వైద్యుడి గది బయట డబ్బులు వేసే చోటు ఒకటుంది. చాటుగా ఉంటుంది. అది అలా ఎందుకు పెట్టాడో ఆలోచించి రండి.