మోదుగ ముద్దయితే, వేపపూత వణికితే

ఫోటోలో మోదుగ పువ్వు ఎర్రటి ముద్దలా వచ్చింది. రేకు మీద ఒక్క గీత లేదు, ఒక్క మడత లేదు.

హోలీ ముందు చిలుకూరు దారిలో నాకు ఎదురైన సమస్య ఇదే. ఫోకస్ తప్పిందనుకుని ఒకే కొమ్మను ముప్పై సార్లు తీశాను. ఫోకస్ బాగానే ఉంది, పొంగిపోయింది రంగు. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను వేరువేరుగా నమోదు చేస్తుంది. మోదుగలో నీలం దాదాపు ఉండదు, ఎరుపు మాత్రం మితిమీరి ఉంటుంది. అందుకే మొత్తం వెలుగు చూపే హిస్టోగ్రామ్ (ఎడమవైపు చీకటిని, కుడివైపు వెలుగును చూపే చిన్న గ్రాఫ్) నిక్షేపంగా కనిపిస్తున్నా, ఎరుపు గీత కుడి అంచుకు గుద్దుకుని ఉంటుంది. అంచు దాటిన వివరం పోయినట్టే. తర్వాత ఎడిటింగ్‌లో దించితే ముద్ద కాస్త నల్లబడుతుంది, అంతే.

మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్‌ను (ఫోటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే అమరికను) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా దించండి. ఫోనైతే పువ్వును తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. తెరమీద ఫోటో చీకటిగా ఉందనిపించినా కంగారు పడకండి. రేకు మీది సన్నని నూగు, తొడిమ దగ్గరి నల్లటి మఖమలు కనిపిస్తే పని అయినట్టే. ఎండ నేరుగా పడకముందు తీస్తే ఈ తంటా సగం తగ్గుతుంది. పనిలో పనిగా పువ్వును పక్కనుంచి తీయండి. ‘చిలుకా ఇది?’ అనిపించేలా ముక్కు వంపు తిరిగి ఉంటుంది. మోదుగకు సంస్కృతంలో కింశుకం (కిం శుకం, అంటే ‘ఇది చిలుకా?’) అన్న పేరు ఊరికే రాలేదు.

బూరుగు పువ్వు నల్లగా, ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది.

ఇది పై సమస్యకు తలకిందులు. చెట్టు కింద నిలబడి పైకి ఎక్కుపెడితే, కెమెరా ఆకాశం వెలుగును చూసి మొత్తాన్ని దించేస్తుంది. సూర్యుణ్ణి వీపు వెనక్కి తెచ్చుకుంటే ఆకాశానికి నీలం వస్తుంది. అలా కుదరకపోతే ఎక్స్‌పోజర్ ప్లస్ 1 చేసి, ఆకాశం మీద ఆశ వదులుకోండి. బూరుగు పువ్వు మందం, రాలినా చెదరదు. నన్నడిగితే మెడ నొప్పి తెచ్చుకోవడం కంటే, నేలమీద పడినదాన్ని మోకాళ్ల మీద కూర్చుని తీయడమే మేలు.

వేపపూత అలుక్కుపోయింది.

ఉగాదికి అందరూ తీసే ఫోటో, ఎక్కువమందికి చెడేదీ ఇదే. కాడలు సన్నం, పిసరంత గాలికే ఊగుతాయి. షట్టర్ వేగం 1/500 సెకనుకు తగ్గనివ్వకండి. అందుకు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 800కు పెంచాల్సి వచ్చినా పరవాలేదు, కాస్త గరుకుదనం పూత మీద తెలియదు. గాలి వచ్చే వైపు గొడుగు అడ్డం పెట్టడానికి తోడు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. కొమ్మ వంచి కట్టకండి. ఫోను మరీ దగ్గరికి పెడితే అసలు ఫోకసే కుదరదు. జానెడు వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడండి.

తెల్ల పూలకు పసరు రంగు అంటింది.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ 1846 నాటి తోట. అక్కడి పెద్ద చెట్ల కింద ఆకుల గుండా వడకట్టి వచ్చే వెలుగు పచ్చగానే ఉంటుంది. ఎడిటింగ్‌లో టింట్‌ను (పచ్చ, మెజెంటా రంగుల మధ్య జరిపే మీటను) మెజెంటా వైపు కొద్దిగా జరిపితే పోతుంది.

గేటు దగ్గర ట్రైపాడ్ ఆపేశారు.

వాదించకండి. కొన్ని పార్కుల్లో పెద్ద కెమెరాకు వేరే టికెట్టో అనుమతో కావాలి, ముందే అడిగి వెళ్లండి. ట్రైపాడ్ బదులు అరకిలో శనగలు నింపిన గుడ్డసంచిని రాతిమీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించండి, కదలదు. మూతి మాత్రం గట్టిగా కట్టండి, ఉడుతలు ఊరుకోవు.