బ్యాటరీతో నడిచే ఉన్ని కత్తిరింపు మిషన్ ఎలా ఎంచుకోవాలి?

మిషన్ కోసం ఫోన్‌లో వెతికే ముందు దొడ్డిలోకి వెళ్లి మీ గొర్రెలను ఒకసారి చూడండి. నెల్లూరు జాతివైతే అసలు కొనొద్దు. వాటికి ఉండేది వెంట్రుకలే, ఉన్ని కాదు. మిషన్‌తో పని పడేది దక్కనీ గొర్రెలకు. అంటే మహబూబ్‌నగర్, నారాయణపేట, మెదక్ వైపు గొంగళ్లకు నల్ల ఉన్ని ఇచ్చే జాతి. మాంసం కోసం నెల్లూరు పొట్టేళ్లతో దాటించి దాటించి చాలా మందల్లో ఆ ఉన్ని కూడా పలచబడింది. అలాంటి సంకర మందకు మంచి కత్తెర చాలు.

ఇంకో మాట. దక్కనీ గొర్రె ఏడాదంతా కలిపినా కిలో ఉన్ని ఇవ్వడం కష్టం. ఆస్ట్రేలియా మెరినో నాలుగైదు కిలోలు ఇస్తుంది. అక్కడి వీడియోలు చూసి, ఉన్ని అమ్మిన డబ్బుతో మిషన్ ఖర్చు వచ్చేస్తుందని లెక్కేసుకోకండి. మిషన్ వల్ల మనకు తప్పేది నడుము నొప్పి, తగ్గేది కూలి ఖర్చు. కత్తెర పట్టే చేతులు ఊళ్లో ఎలాగూ తగ్గిపోతున్నాయి.

ముందు బ్లేడు చూడండి, మోటారు తర్వాత

మా బాబాయి ఆన్‌లైన్‌లో చౌకగా ఒకటి తెప్పించాడు. పెట్టె మీద గొర్రె బొమ్మే ఉంది. లోపల మాత్రం గుర్రాలకు, ఆవులకు వాడే సన్న పళ్ల బ్లేడు. మొదటి గొర్రె భుజం దాటకముందే ఉన్ని పళ్ల మధ్య ఇరుక్కుని మిషన్ గుర్రుమంటూ ఆగిపోయింది. ఆ గొర్రె ఒక భుజం నున్నగా, ఒక భుజం గుబురుగా వారం రోజులు తిరిగింది.

ఉన్ని మిషన్‌కు రెండు పలకలుంటాయి. కిందది దువ్వెనలా ఉంటుంది, కదలదు. దాని మీద మూడు నాలుగు కొనలున్న కట్టర్ అటూ ఇటూ ఆడుతుంది. కింది దువ్వెన పళ్లు లెక్కపెట్టండి. 9 నుంచి 13 వరకు, ఎడం ఎడంగా, మొన తేలి ఉంటే అది గొర్రెలది. ఇరవైకి పైగా దగ్గర దగ్గరగా ఉంటే వేరే జంతువుది. దక్కనీ ఉన్ని ముతక, పైగా నిండా దుమ్ము, పల్లేరు కాయలు. దానికి ఎడం పళ్లే సులువుగా దూరతాయి. కాకపోతే ఆ సందులోకి చర్మం కూడా దూరుతుంది, కాబట్టి ఎడమ చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకోవాలి.

బ్లేడును మొండి చేసేది ఉన్ని కాదు, ఇసుక. అందుకే కొనేటప్పుడే ఇంకో దువ్వెన, మూడు కట్టర్లు విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఆ మిషన్ వదిలేయండి, ఎంత తక్కువకు ఇచ్చినా సరే. సానపట్టడం ఎవరు చేస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. కత్తులు సానపట్టే చక్రం మీద పెడితే పలక సమంగా ఉండదు, ఆ తర్వాత ఉన్ని తెగదు, నలుగుతుంది.

బ్యాటరీ లెక్క

డబ్బా మీద 21 వోల్టులని ఉంటుంది. అది నిండా ఛార్జ్ అయినప్పటి మాట. లోపల 3.6 వోల్టుల సెల్స్ ఐదు వరుసగా ఉంటాయి కాబట్టి పనిలో వచ్చేది 18 వోల్టులే. చిన్న బ్యాటరీ మీద 48, 88 అని స్టిక్కర్ వేసినవీ ఉన్నాయి, వాటిని నమ్మకండి. వోల్టులను ఏహెచ్‌తో (Ah, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) హెచ్చవేయండి. 4 ఏహెచ్ బ్యాటరీ అయితే 18 × 4 = 72 వాట్ అవర్లు. మోటారు 120 వాట్లు లాగితే 36 నిమిషాలు. చేతికి వచ్చేది అరగంట అనుకోండి. గొర్రెకు ఏడు నిమిషాలు పట్టినా నాలుగే అవుతాయి. అంటే రెండు బ్యాటరీలు లేకుండా దిగొద్దు. 60 గొర్రెలుంటే మూడు నాలుగు రోజుల పనిగా పెట్టుకోండి.

చేత్తో బరువు చూసినా కొంత తెలుస్తుంది. 4 ఏహెచ్ బ్యాటరీలో మామూలుగా పది సెల్స్ ఉంటాయి, అవే దాదాపు 450 గ్రాములు. తేలిగ్గా ఉండి 6 ఏహెచ్ అని రాసి ఉంటే అనుమానించాల్సిందే.

పెద్ద మందకైతే 12 వోల్టుల వాహన బ్యాటరీతో నడిచే రకం మేలు. ట్రాక్టర్ బ్యాటరీ 80 ఏహెచ్ ఉందనుకుంటే సగం వాడుకున్నా నాలుగు గంటలు వస్తుంది. 12 వోల్టులకే చేసిన మిషనై ఉండాలి, అంతే. మంద తోలుకెళ్లిన చోట కరెంటు లేకపోయినా టెన్షన్ ఉండదు. తడి దొడ్డిలో 230 వోల్టుల వైరు ఈడ్చుకోవడం కంటే ఇదే క్షేమం.

చేతిలో పట్టుకుని చూడండి

బ్యాటరీ మిషన్ వెనకే తగిలించి ఉంటే మణికట్టు త్వరగా గుంజుతుంది. నడుముకు కట్టుకుని వైరుతో కలిపేది దొరికితే అది తీసుకోండి. షాపులో ఐదు నిమిషాలు గాల్లో పట్టుకుని నిలబడండి, సిగ్గుపడొద్దు. కట్టర్‌ను బిగించే మర చేతి గ్లౌజుతో కూడా తిరగాలి. నూనె వేసే రంధ్రం కనబడేచోట ఉండాలి.

మొదటి రోజు

గొర్రెలను కడిగితే రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వండి. ముందు రాత్రి మేత ఆపండి. మర కొంచెం వదులుగా మొదలుపెట్టి, ఉన్ని తెగేంత వరకే బిగించండి. రెండు గొర్రెలకోసారి నూనె వేసి, మిషన్ ఆపి ముంజేతి లోపలి వైపు బ్లేడుకు ఆనించి చూడండి. చురుక్కుమంటే గొర్రెకూ చురుక్కుమన్నట్టే. పని ఆపి, బ్యాటరీని నీడలో పెట్టి, మీరూ ఒక టీ తాగండి.