మైపాడు ఇసుక, చీమకుర్తి దుమ్ము: రేణువు సైజు కొలిచేదెలా

ఇసుకని జల్లెడ పట్టి కొలుస్తాం, మెత్తని దుమ్ముని నీళ్లలో తేర్చి కొలుస్తాం, గాలిలో తేలేదాన్ని ఫిల్టరు మీద పట్టి కొలుస్తాం. ఈ మూడూ చెప్పే సైజు ఒకటి కాదు. జల్లెడ చూసేది రేణువు ఏ కన్నంలోంచి దూరుతుందని, నీళ్లు చూసేది ఎంత వేగంగా మునుగుతుందని. అందుకే లెక్క పక్కన పద్ధతి పేరు రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు.

నెల్లూరు దగ్గరి మైపాడు, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరాల్లోని దిబ్బల ఇసుకైనా, థార్ ఎడారి ఇసుకైనా గాలి చెరిగిందే. కాబట్టి పని ఒకటే. దిబ్బ మీద గాలి గీసిన అలల శిఖరాల్లో బరక రేణువులు, పల్లాల్లో సన్నవి చేరతాయి. చేత్తో ఒకచోట గుప్పెడు తీస్తే తప్పు అక్కడే మొదలైనట్టు. పై 2 సెంటీమీటర్ల పొరని అడుగు మేర వెడల్పున తీసి కలపండి. కింది పొర కావాలంటే వేరే సంచిలో వేయండి. సంచి ప్రయాణంలో కుదిపితే సన్నది అడుక్కి జారుతుంది కాబట్టి పైనుంచి గరిటెతో తియ్యొద్దు. మొత్తం కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. సుమారు 100 గ్రాములు మిగిలేదాకా ఇలాగే చేయాలి.

తీరపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఎండితే అది రేణువుల్ని అంటిస్తుంది, జల్లెడలో సన్న ఇసుక బరకలా కనిపిస్తుంది. డిస్టిల్డ్ నీళ్లతో రెండు మూడు సార్లు కడగండి. తీరం పక్కన బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, అవి వాడితే కడిగినా ఒకటే కడగకపోయినా ఒకటే. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లటి మబ్బు పట్టకూడదు. మట్టి కలిసిన నీళ్లని పారబోయొద్దు, ఫిల్టర్ పేపర్లో వడకట్టండి. అందులోనే మీకు కావాల్సిన సన్న భాగం ఉంది. తర్వాత 105 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టి, చల్లారాక తూకం వేయాలి. గవ్వపొడి ఎక్కువుంటే దాన్ని ఉంచి కొలిచారా, పల్చని హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కరిగించి కొలిచారా రాసుకోండి.

200 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఐఎస్ 460 (భారత ప్రమాణం) జల్లెడలు పై నుంచి కిందికి 600, 300, 150, 75 మైక్రాన్లు, అడుగున పళ్లెం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 100 గ్రాములకి మించి పోస్తే 150 మైక్రాన్ల జల్లెడ పూడుకుపోయి, కిందికి పోవాల్సింది పైనే నిలుస్తుంది. షేకర్లో 10 నుంచి 15 నిమిషాలు. అన్ని తూకాలూ కలిపితే మొదటి బరువుకి 1 శాతం పైన తేడా వస్తే మళ్లీ మొదలుపెట్టండి. 75 మైక్రాన్ల వలకి మెత్తని బ్రష్షే. తీగ బ్రష్షు తగిలితే కన్నం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఆ జల్లెడ చెప్పేదంతా అబద్ధం.

ఉదాహరణకి 100 గ్రాముల్లో 600 మీద 2, 300 మీద 21, 150 మీద 58, 75 మీద 16, పళ్లెంలో 3 గ్రాములు నిలిచాయనుకోండి. 300 గుండా దిగింది 77 శాతం, 150 గుండా 19. సైజుని లాగ్ స్కేలు (పది రెట్లు పెరిగిన ప్రతిసారీ ఒకే దూరం జరిగే కొలబద్ద) మీద పెట్టి, దిగిన శాతానికి ఎదురుగా గీత గీస్తే సగం బరువు దిగే సైజు 217 మైక్రాన్లు. 60 శాతం దిగే సైజు 245, 10 శాతం దిగేది 102, వాటి నిష్పత్తి 2.4. ఇంత తక్కువంటే రేణువులు దాదాపు ఒకే సైజువి, బాగా ఏరిన ఇసుక అన్నట్టు. నది ఇసుకకి సాధారణంగా ఇంతకన్నా ఎక్కువ వస్తుంది.

75 కన్నా మెత్తనిదానికి జల్లెడ చాలదు, నీళ్లలో తేర్చాలి. రేణువులు ముద్దకట్టకుండా ముందు ఒక ద్రావణం కలపాలి. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ 33 గ్రాములు, సోడియం కార్బొనేట్ 7 గ్రాములు లీటరు నీళ్లలో కలిపిన ద్రావణం 100 మిల్లీలీటర్లు, 50 గ్రాముల పొడి లీటరు సిలిండరులో వేసి, లీటరు గీతదాకా నీళ్లు పోయాలి. బాగా కలిపి వదిలాక, లెక్క ప్రకారం ఆగి 10 సెంటీమీటర్ల లోతు నుంచి పిపెట్‌తో (పీల్చే సన్న గొట్టం) 10 మిల్లీలీటర్లు తీసి ఆరబెట్టి తూచాలి. ఆ సైజు రేణువులు అప్పటికి ఆ లోతు దాటి దిగిపోతాయి, మిగిలినవి అంతకన్నా సన్నవే. క్వార్ట్జ్ (ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజం) అయితే 30 డిగ్రీల నీళ్లలో 20 మైక్రాన్ల రేణువు ఆ లోతు దిగడానికి 3 నిమిషాల 42 సెకన్లు, 2 మైక్రాన్లది 6 గంటల పైన. పుస్తకాల్లోని పట్టిక 20 డిగ్రీలకి ఉంటే నెల్లూరు ఎండాకాలంలో అది పనికిరాదు, 20 మైక్రాన్లకి ఆ పట్టికలో 4 నిమిషాల 39 సెకన్లు ఉంటుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల గెలాక్సీ రాయి గాబ్రో (ముదురు రంగు అగ్నిశిల) జాతిది, క్వార్ట్జ్ కన్నా బరువు. సాంద్రత 2.95 పెట్టుకుంటే అదే 20 మైక్రాన్లు 3 నిమిషాల 8 సెకన్లకే దిగుతాయి. పిపెట్ తూకంలోంచి 0.04 గ్రాములు ద్రావణం లెక్క తీసేయడం మరిచిపోతే శాంపిల్లో 8 శాతం మెత్తని పొడి ఊరికే పుట్టుకొస్తుంది.

గాలిలో దుమ్ముకి రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్, అంటే గాలిని లాగి దుమ్ముని పట్టే యంత్రం. అందులోని సైక్లోన్ (గాలిని సుడి తిప్పే భాగం) 10 మైక్రాన్ల పైవాటిని వేరుచేస్తుంది, మిగతాది గ్లాస్ ఫైబర్ ఫిల్టరు మీద పడుతుంది. నిమిషానికి 1.1 ఘనమీటర్లు 24 గంటలు లాగితే 1584 ఘనమీటర్లు. ఫిల్టరు బరువు 142.6 మిల్లీగ్రాములు పెరిగితే పీఎం10 (10 మైక్రాన్ల లోపు దుమ్ము) ఘనమీటరుకి 90 మైక్రోగ్రాములు. దేశంలో 24 గంటల పరిమితి పీఎం10కి 100, పీఎం2.5కి (2.5 మైక్రాన్ల లోపు దుమ్ము) 60. ఫిల్టర్ని ముందూ తర్వాతా ఒకే తేమ ఉన్న గదిలో 24 గంటలు ఉంచి తూచాలి, లేదంటే తూచేది మన సముద్రపు గాలి తేమనే. చవకైన లేజర్ సెన్సర్లు తేమ ఎక్కువున్న తెల్లవారుజామున ఎక్కువ చూపిస్తాయి. బరక దుమ్ముని మాత్రం దాదాపు వదిలేస్తాయి. పడమటి గాలి మోసుకొచ్చే క్వారీ దుమ్ముకి వాటి పీఎం10 అంకెని నమ్మొద్దు.

మైక్రోస్కోపు ఉంటే స్లైడుకి పెట్రోలియం జెల్లీ పల్చగా రాసి దుమ్ము పట్టించి, స్టేజ్ మైక్రోమీటర్‌తో (కచ్చితమైన కొలత గీతలున్న స్లైడు) సరిచూసుకున్న గీతల మీద కనీసం 300 రేణువులు లెక్కించండి. అది సంఖ్య లెక్క, బరువు లెక్క కాదు. ఒక 100 మైక్రాన్ల గుండ్రటి రేణువు బరువు 10 లక్షల 1 మైక్రాన్ రేణువుల బరువుకి సమానం. చిల్లకూరు సిలికా ఇసుక దగ్గర ఊపిరితిత్తుల ప్రమాదం చూడాలంటే మాత్రం ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఏ ఖనిజం ఎంతుందో చెప్పే పరీక్ష) కూడా చేయించాలి. సైజు ఎంతున్నా అందులో క్వార్ట్జ్ ఎంతో జల్లెడా చెప్పదు, మైక్రోస్కోపు లెక్కా చెప్పదు.