కరోనా కాలంలో తప్పిపోయిన టీకాలు: ఎక్కడ ఆగింది, ఇప్పుడేం చేయాలి

2020లో మన దేశంలో డీపీటీ రకం (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే) టీకా మొదటి డోసు కూడా అందని పిల్లలు సుమారు 30 లక్షలని మరుసటి ఏడాది డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ అంచనా వేశాయి. 2019లో ఆ లెక్క 14 లక్షలే. ఆ ఖాళీ ఊరికే పోదు. 2022 చివర్లో ముంబైలో తట్టు విజృంభించింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఆశాలు, ఏఎన్‌ఎంలు, తల్లిదండ్రులు టీకా కార్డు ముందు పెట్టుకుని చూసుకోవడానికి ఇది.

సమస్య: పెంటా 1 (డీపీటీ కలిసిన, అయిదు జబ్బులకు ఒకే టీకా, మొదటి డోసు) దగ్గర టిక్కు ఉంది, ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ

కారణం చాలాసార్లు చిన్నదే. కంటైన్‌మెంట్ జోన్లలో టీకా శిబిరాలు ఆపారు. అవి మళ్లీ మొదలయ్యేసరికి "గడువు దాటింది, ఇక వేయరేమో" అని ఇంట్లోవాళ్లే వదిలేశారు.

పరిష్కారం: మొదటి నుంచి మొదలుపెట్టొద్దు. ఎన్ని నెలల ఆలస్యమైనా ఆగిన చోటు నుంచే కొనసాగించాలి, డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 వారాలు ఉంటే చాలు. పెంటా, రోటా (విరేచనాల టీకా) మొదటి డోసు ఏడాది లోపు పడి ఉంటే, ఏడాది దాటాక కూడా మిగతా డోసులు పూర్తి చేయొచ్చు. ఈ సంగతి తెలియక వెనక్కి పంపిన పిల్లలు ఎందరో.

సమస్య: బిడ్డకు ఏడాది దాటింది, ఒక్క సూదీ పడలేదు

ఇక్కడ కొన్ని తలుపులు మూసుకుపోయాయి. బీసీజీ (క్షయ టీకా), పెంటా, రోటా, పీసీవీ (న్యుమోనియా టీకా) మొదటి డోసులకు ఏడాదే హద్దు. పెంటాకు బదులు డీపీటీ వేస్తారు, అదీ ఏడేళ్ల లోపే. మొదటి రోజే డీపీటీ, పోలియో చుక్కలు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), 2 మి.లీ. విటమిన్ ఎ కలిపి ఇవ్వొచ్చు. నెల తర్వాత డీపీటీ, పోలియో రెండో డోసులతో పాటు ఎంఆర్ రెండోది, ఇంకో నెలకు డీపీటీ, పోలియో మూడోవి. అక్కడి నుంచి కనీసం ఆరు నెలలకు బూస్టర్. పోలియో చుక్కలకు, ఎంఆర్‌కు అయిదేళ్లే హద్దు కాబట్టి వచ్చే వారం చూద్దామనుకోవద్దు. ఒకేరోజు రెండు మూడు సూదులా అని అమ్మమ్మలు జంకుతారు. వేర్వేరు చోట్ల వేస్తారు, ఒకదాని పనికి ఇంకొకటి అడ్డు రాదు.

సమస్య: కార్డే లేదు, లేదా పక్క రాష్ట్రం కార్డు

కుప్పం, పలమనేరు వైపు నుంచి బెంగళూరుకు, సత్యవేడు వైపు నుంచి చెన్నైకి పనులకు వెళ్లి, లాక్‌డౌన్‌లో తిరిగొచ్చిన ఇళ్లలో ఇది మామూలే. కన్నడ, తమిళ కార్డు చెల్లదనడం తప్పు. మెదడువాపు టీకా ఒక్కటే కొన్ని జిల్లాలకు పరిమితం, మిగతా పట్టిక దేశమంతా ఒకటే. కార్డు పోతే కాన్పు జరిగిన ఆసుపత్రి రిజిస్టరు, అప్పుడిచ్చిన ఫోన్ నంబరు, ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ చూడండి. దేనికీ ఆధారం దొరక్కపోతే, పడలేదనుకుని వయసుకు తగినవి వేయించడమే మేలు.

సమస్య: బుధ, శనివారాల్లో శిబిరం ఉన్నా పిల్లలు రారు

జబ్బు అంటుకుంటుందన్న భయం ఒకటి, జలుబుంటే వేయకూడదన్న నమ్మకం ఇంకొకటి. మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం టీకాకు అడ్డు కాదు. జనం గుమిగూడకుండా ఆశా ముందురోజే ఇంటింటికీ వేళ చెప్పి, గంటకు కొందరిని మాత్రమే రమ్మనాలి. టీకా పడ్డాక అరగంట కూర్చోవాల్సిందే కాబట్టి కూర్చునే చోటు కూడా లెక్కలో వేసుకోవాలి. ఉన్నది ఒక్క బిడ్డే, వయల్ (టీకా సీసా) వృథా అని ఎంఆర్ విప్పకుండా పంపేయడం అసలు చేయకూడని పని. కలిపిన ఎంఆర్ నాలుగు గంటలకు పారేయాల్సిందే, పారేయండి. వయల్ పోతే పోయింది, ఆ బిడ్డ మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు.

సమస్య: శిబిరం ఆగిన రోజుల్లో నిల్వ ఉన్న టీకాల మీద అనుమానం

వయల్ మీది వీవీఎం గుర్తు (వేడికి రంగు మారే ముద్ర) వేడి తగిలిందో లేదో మాత్రమే చెబుతుంది. గడ్డకట్టిన సంగతి చెప్పదు. పెంటా, డీపీటీ, హెపటైటిస్ బి, పీసీవీ గడ్డకడితే పనికిరావు. ఐఎల్‌ఆర్ (టీకాలు దాచే ఫ్రిజ్) 2-8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజుకు రెండుసార్లు రాయాలి, సెలవుల్లో కూడా. క్యారియర్‌లో (టీకాలు మోసుకెళ్లే పెట్టెలో) పెట్టే నాలుగు ఐస్‌ప్యాకులు ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే సర్దితే పక్కనున్న పెంటా గడ్డకడుతుంది. బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాక నాలుగూ సర్దాలి.