స్థిరోష్ణక వ్యాకోచంలో చివరి ఉష్ణోగ్రత లెక్కించడం

స్థిరోష్ణక వ్యాకోచమంటే ఉష్ణం లోపలికి రాకుండా, బయటికి పోకుండా వాయువు వ్యాకోచించడం. ముందు అది ఉత్క్రమణీయమా (అంటే బయటి పీడనం వాయువు పీడనానికి దాదాపు సమానంగా ఉంటూ చాలా నెమ్మదిగా జరిగేదా) కాదా చూడండి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఉత్క్రమణీయమైతే ఘనపరిమాణాన్ని (గామా − 1) ఘాతానికి పెంచి ఉష్ణోగ్రతతో గుణించండి; గామా అంటే స్థిర పీడనం, స్థిర ఘనపరిమాణం వద్ద వాయువు విశిష్టోష్ణాల నిష్పత్తి. ఆ లబ్ధం మారదు.

300 కెల్విన్ వద్ద 1 మోల్ ద్విపరమాణుక ఆదర్శ వాయువు ఘనపరిమాణం రెట్టింపైందనుకోండి. గామా 1.4 కాబట్టి 300ను 2 పవర్ 0.4తో, అంటే 1.3195తో భాగిస్తే 227.4 కెల్విన్. సెల్సియస్‌లో వేస్తే మొత్తం చెడుతుంది. ఉష్ణం రాదు, పోదు కనుక పని అంతర్గత శక్తి నుంచే రావాలి: స్థిర ఘనపరిమాణం వద్ద మోలార్ విశిష్టోష్ణం 20.8 × ఉష్ణోగ్రత తగ్గుదల 72.6, సుమారు 1510 జౌళ్లు. పీడనం 0.38 వంతుకు పడుతుంది. సమోష్ణోగ్రత వ్యాకోచమైతే సగం దగ్గరే ఆగేది.

బయటి పీడనాన్ని ఒక్కసారిగా ఆ 0.38 వంతుకు తగ్గిస్తే పై సూత్రం పనికిరాదు. బయటి పీడనం × ఘనపరిమాణంలో మార్పు = అంతర్గత శక్తిలో తగ్గుదల అని రాసి సాధించండి; 247 కెల్విన్ వస్తుంది. శూన్యంలోకి వదిలితే పనే లేదు, ఉష్ణోగ్రత 300 దగ్గరే ఉంటుంది.