జపనీస్ పేజీలో చైనా అక్షరాలు: ఫాంట్ ఫైలు మార్చే ముందు ఇది చూడండి

సమస్య: పేజీ జపనీస్‌లో ఉంది. మన కంటికి అంతా బాగానే ఉంది. జపాన్ క్లయింట్ మాత్రం "ఇవి చైనా అక్షరాల్లా ఉన్నాయి" అని మెయిల్ పెడతాడు. ఇక టీమంతా ఫాంట్ ఫైళ్లు మార్చడం, క్యాష్ క్లియర్ చేయడం మొదలుపెడుతుంది.

ముందు అక్షరం మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. క్రోమ్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ అట్టడుగున రెండర్డ్ ఫాంట్స్ అని ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఫాంట్స్ ట్యాబ్ చూడాలి. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లో మనం ఏం రాశామో కాదు, బ్రౌజర్ నిజంగా ఏ ఫాంట్ వాడిందో అక్కడ కనిపిస్తుంది. యూ గోథిక్, మెయిర్యో, హిరాగినో అని ఉంటే జపనీస్ ఫాంటే. మైక్రోసాఫ్ట్ యాహే, పింగ్‌ఫాంగ్ అని ఉంటే చైనీస్ ఫాంట్ దూరింది. అర నిమిషం పని ఇది, అయినా ఎవరూ చూడరు.

ఎందుకు దూరింది? చైనా, జపాన్, కొరియా కలిసి వాడే చాలా అక్షరాలకు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే ప్రమాణం) ఒకే కోడ్ ఇచ్చింది. హెచ్‌టీఎంఎల్‌లో దశాంశ కోడ్ 39592 ఇచ్చి చూడండి. 'ఎముక' అనే అక్షరం వస్తుంది. దాని పై డబ్బాలో చిన్న మడత ఉంటుంది. చైనా ప్రధాన భూభాగపు ఫాంట్లలో అది ఎడమ పక్కన, జపాన్ ఫాంట్లలో కుడి పక్కన ఉంటుంది. కోడ్ ఒకటే కాబట్టి ఇది ఏ భాషో అక్షరాన్ని చూసి బ్రౌజర్‌కు తెలియదు. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో పేజీ భాషను తెలిపే లాంగ్ యాట్రిబ్యూట్‌తో మనమే చెప్పాలి.

అది లేకపోతే పెట్టండి. 'ఈఎన్' (ఇంగ్లిష్) అని ఉండిపోతే మార్చండి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. నన్ను ముంచింది మాత్రం వేరే ఉంది.

ఒక ప్రాజెక్టులో లాంగ్ ఉంది, జపాన్ ఆఫీసులో చూస్తే పేజీ చక్కగా ఉంది. ఇంగ్లిష్ విండోస్ వాడే వాళ్ల దగ్గర మాత్రం యాహే వస్తోంది. రెండు రోజులు ఫాంట్ల చుట్టూ తిరిగాం. చివరికి చూస్తే లాంగ్ విలువ 'జేపీ'! అది దేశం కోడ్. భాష కోడ్ 'జేఏ'. తెలుగు పేజీకి 'టీఈ' అంటాం గానీ 'ఐఎన్' అనం కదా. తప్పు కోడ్ ఇస్తే బ్రౌజర్ ఎర్రర్ చూపించదు, పట్టించుకోదు, అంతే. కంప్యూటర్ భాషను, బ్రౌజర్ సెట్టింగుల్లో భాషల వరుసను బట్టి ఏదో ఊహించుకుంటుంది. జపాన్‌లో ఆ ఊహ కరెక్ట్ అవుతుంది కాబట్టి టెస్టింగ్‌లో తప్పు దొరకదు. ఇక్కడ ఇంకో మెలిక. ఆ విలువను చేత్తో ఎవరూ రాయలేదు. అనువాదాల ఫోల్డర్‌కు ఎవరో 'జేపీ' అని పేరు పెట్టారు, టెంప్లేట్ ఆ పేరునే ట్యాగ్‌లోకి తీసుకుంది. అందుకే సోర్స్‌లో వెతికితే దొరకలేదు. బ్రౌజర్‌లో తయారైన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌నే చూడండి. చైనీస్‌కు 'సీఎన్' కాదు, 'జెడ్‌హెచ్-హాన్స్' (సరళ చైనీస్) లేదా 'జెడ్‌హెచ్-హాంట్' (సంప్రదాయ చైనీస్). కొరియన్‌కు 'కేఓ'. 'కేఆర్' అంటే ఆఫ్రికాలోని కనూరి భాష.

లాంగ్ సరిగ్గా ఉన్నా తేడా పోలేదా? సీఎస్ఎస్‌లో ఫాంట్ల వరుస చూడండి. నోటో సాన్స్ ఎస్‌సీ (సరళ చైనీస్ ఫాంట్) ముందుంటే లాంగ్ ఏం చెప్పినా అదే వస్తుంది, ఎందుకంటే పేరు పెట్టి అడిగిన ఫాంట్‌లో అక్షరం దొరికితే బ్రౌజర్ ఇంక ముందుకు వెళ్లదు. చైనా ఫాంట్లలో జపనీస్ సొంత లిపి కానా అక్షరాలూ ఉంటాయి కాబట్టి అనుమానం కూడా రాదు. సీఎస్ఎస్‌లో లాంగ్ సెలెక్టర్ (ఫలానా భాషకే వర్తించే నియమం) రాసి ఒక్కో భాషకూ వేరే వరుస ఇవ్వండి.

దీనికి తిరగేసిన కేసు ఇంకోటి: సరళ చైనీస్ వాక్యంలో కొన్ని అక్షరాలు లావుగా, కొన్ని సన్నగా ఉంటాయి. జపనీస్ ఫాంట్ ముందుందన్న మాట. 'మేము' అనే రెండక్షరాల మాటలో మొదటిది ఆ ఫాంట్‌లో ఉంటుంది, రెండోది చాలా జపనీస్ ఫాంట్లలో ఉండదు, వరుసలో తర్వాతి ఫాంట్ నుంచి వస్తుంది. మందు అదే: ఒక్కో భాషకూ వేరే వరుస.

అక్షరాల బదులు ఖాళీ డబ్బాలొస్తే ఆ మెషీన్‌లో ఫాంటే లేదు. లినక్స్ అయితే నోటో సాన్స్ సీజేకే (చైనీస్, జపనీస్, కొరియన్ ఫాంట్) వేసుకోండి. క్యాన్వాస్ (స్క్రిప్ట్‌తో బొమ్మలు గీసే పేజీ భాగం) మీద గీసే టెక్స్ట్ మొండికేస్తే లాంగ్‌తో కుస్తీ పట్టకుండా ఫాంట్ పేరు నేరుగా ఇచ్చేయండి.